పాలు చాలుతున్నాయా లేదా... ఏడుపుని కాదు, డైపర్‌ని చూడండి

డెలివరీ అయిన వారం తిరిగేలోపు దాదాపు ప్రతి అమ్మకీ వచ్చే డౌట్ ఒకటే, "నాకు పాలు సరిపోవట్లేదేమో" అని. బిడ్డ ఏడిస్తే అదే డౌట్, పడుకోకపోతే అదే, రొమ్ములు మెత్తగా అనిపిస్తే అదే, ఇంక పంప్ పెట్టినప్పుడు బాటిల్ అడుగున కొంచెమే కనిపిస్తే అది డౌట్ కూడా కాదు, నమ్మకమే అయిపోతుంది. పక్కన ఎవరో ఒకరు "పాపం ఆకలికి ఏడుస్తున్నాడమ్మా, నీకు పాలు లేవు" అని ఒక్క మాట అంటే చాలు, అసలే నిద్ర లేక ఒళ్ళంతా నొప్పులతో ఉన్న మనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరిగిపోతాయి. నాకూ తిరిగాయి. నిజంగా పాలు తక్కువ పడే అమ్మలు ఉంటారు, లేరని అనట్లేదు, కానీ వాళ్ళు తక్కువమంది. మిగతావాళ్ళలో చాలామంది పాలు లేక కాదు, లేవేమో అన్న భయంతోనే మానేస్తున్నారు. అందుకే ఏం చూసి నమ్మాలి, ఏం చూసి కంగారుపడక్కర్లేదు అన్నది నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నా. పెద్ద పోస్టే, ఒక చేత్తో బిడ్డని పట్టుకుని విడతలవారీగా చదువుకోండి, పర్లేదు.

మొదట ముర్రుపాల సంగతి. పుట్టిన మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ఇవే, చిక్కగా పసుపు రంగులో చుక్కలు చుక్కలుగా వస్తాయి, అవి చూసి "ఇంతేనా" అనిపిస్తుంది. కానీ మొదటి 24 గంటల్లో బిడ్డ ఒక్కో ఫీడ్‌కి తాగేదే 2 నుంచి 10 మి.లీ., అంటే ఒకోసారి అర టీస్పూన్ కూడా ఉండదు. ఆ కాస్తలోనే ఇన్ఫెక్షన్లని అడ్డుకునే యాంటీబాడీలు బోలెడు ఉంటాయి, బిడ్డ కడుపులో పేరుకున్న నల్లటి మలం త్వరగా బయటికి రావడానికి కూడా ఇవి సాయం చేస్తాయి, అది త్వరగా పోతే కామెర్లు ఎక్కువయ్యే రిస్క్ కూడా తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టిన గంటలోపే పాలు పట్టడం మొదలుపెట్టమంటుంది. సిజేరియన్ అయినా సరే, అమ్మకి స్పృహ ఉండి ఇద్దరూ బాగుంటే బిడ్డని ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకుని మొదలుపెట్టొచ్చు, డెలివరీకి ముందే డాక్టర్‌తో ఈ మాట చెప్పి ఉంచండి, ఆ హడావిడిలో అడగడం కుదరదు.

ఇక అందరూ అడిగేది, "పాలు పడ్డాయా?" అని. మావి బయటికి వచ్చాక ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటిదాకా దాని వల్ల ఆగి ఉన్న ప్రొలాక్టిన్ (పాలు తయారుచేయించే హార్మోన్) పని మొదలుపెడుతుంది, దాంతో మామూలుగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో పాలు పడతాయి. తొలి కాన్పు అయినా, సిజేరియన్ అయినా, షుగర్ ఉన్నా, డెలివరీలో బ్లీడింగ్ బాగా అయినా ఇంకో రోజో రెండు రోజులో లేటవ్వచ్చు. ఆ లోపల మనం చేయాల్సింది పట్టిస్తూ ఉండటమే. ఎందుకంటే మొదట్లో హార్మోన్లు మొదలుపెట్టినా తర్వాత నడిపేది బిడ్డ నోరే, బావిలో నీళ్ళు తోడినకొద్దీ ఊరినట్టు పాలు కూడా తీసినకొద్దీ తయారవుతాయి, రొమ్ములో అలా నిండుగా ఉండిపోతే ఇంక చాలులే అని ఒళ్ళు తయారీ తగ్గించేస్తుంది. రాత్రిపూట ప్రొలాక్టిన్ ఎక్కువుంటుంది కాబట్టి మొదటి వారాల్లో రాత్రి ఫీడ్‌లు మానకండి, కష్టమే, నాకు తెలుసు, కానీ ఆ ఫీడ్‌లే తర్వాత నెలల్లో పాలు నిలబెడతాయి.

ఎన్నిసార్లు పట్టాలి అంటే రోజుకి 8 నుంచి 12 సార్లు. గడియారం చూసి మూడు గంటలకి ఒకసారి అని పెట్టుకోకండి, బిడ్డని చూడండి. తల అటూ ఇటూ తిప్పి నోటితో వెతుక్కోవడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, నాలుక బయటపెట్టడం, పెదాలు చప్పరించడం ఇవన్నీ ఆకలి మొదలైన గుర్తులు. ఏడుపు అన్నిటికంటే ఆఖర్న వస్తుంది, అప్పటికి బిడ్డ కోపంగా ఉంటుంది, నోరు సరిగ్గా పట్టదు, మీరు కంగారుపడతారు, ఇద్దరూ అలసిపోతారు. ఏడుపు దాకా వచ్చేస్తే ముందు భుజాన వేసుకుని ఊరుకోబెట్టి అప్పుడు పట్టండి. మొదటి రోజుల్లో కొందరు పిల్లలు మరీ నిద్రమత్తుగా ఉంటారు, కామెర్లు ఉన్న పిల్లలైతే ఇంకా, వాళ్ళని మాత్రం అడిగేదాకా ఆగకుండా లేపి పట్టాలి, బట్టలు కొంచెం వదులు చేసి, పాదాలు రుద్ది, డైపర్ మార్చి ఎలాగోలా లేపండి.

ఇప్పుడు అసలు విషయం, లాచ్, అంటే బిడ్డ నోరు రొమ్ముని పట్టుకునే తీరు. నేను ఈ పోస్టులో ఒక్క విషయమే చెప్పాలంటే ఇదే చెబుతాను. పాలు తక్కువ అనుకునే కేసుల్లో, నిపుల్స్ పగిలి రక్తం వచ్చే కేసుల్లో, గంట సేపు తాగినా బిడ్డ కడుపు నిండని కేసుల్లో చాలావాటికి కారణం బిడ్డ నోరు సరిగ్గా పట్టకపోవడమే. బిడ్డ నిపుల్ ఒక్కటే పట్టుకుని చప్పరిస్తే పాలు రావు, నొప్పి మాత్రం వస్తుంది. నిపుల్ చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా చాలా వరకు నోట్లోకి వెళ్ళాలి.

నాకు మొదట్లో ప్రతి ఫీడ్‌కీ పళ్ళు బిగబట్టుకునేంత నొప్పి. రాత్రి డ్యూటీలో ఉన్న ఒక పెద్ద నర్సమ్మ వచ్చి చూసి "నువ్వెందుకమ్మా వంగుతున్నావ్, నువ్వు నిటారుగా కూర్చో, పాపని నీ దగ్గరికి తీసుకురా" అంది. నడుం వెనక దిండు పెట్టింది, ఒళ్ళో ఇంకో దిండు పెట్టి పాపని రొమ్ము ఎత్తుకి లేపింది. పాప మొహం ఒక్కటే నావైపు తిరిగి ఒళ్ళు మాత్రం పైకి చూస్తోంది, దాన్ని మొత్తం నావైపు తిప్పింది, పాప పొట్ట నా పొట్టకి ఆనేలా. తల వెనక నేను పెట్టిన చెయ్యి తీయించి, మెడ కింద, భుజాల దగ్గర పట్టుకోమంది, ఎందుకంటే తల నొక్కితే పిల్లలు ఎదురు తిరుగుతారు, పైగా వాళ్ళు తల కొంచెం వెనక్కి వాల్చితేనే నోరు పెద్దగా తెరుచుకుంటుంది. ముక్కు నిపుల్‌కి ఎదురుగా వచ్చేలా పెట్టి నిపుల్‌తో పై పెదవి మీద మెల్లిగా రాసింది. పాప ఆవలించినట్టు నోరు తెరిచింది. "ఆ, ఇప్పుడు" అని ఒక్కసారిగా దగ్గరికి తీసుకొచ్చింది, గడ్డం ముందు తగిలింది, తర్వాత నోరు నిండా పట్టేసింది. నొప్పి లేదు. నోరు లాగుతున్నట్టు మాత్రం తెలుస్తోంది, అంతే.

సరిగ్గా పట్టిందా లేదా అని మీరే చూసుకోవచ్చు. గడ్డం రొమ్ముకి ఆనుకుని ఉండాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, బుగ్గలు లోపలికి పోకుండా నిండుగా ఉండాలి, నల్లటి భాగం కింద కంటే పైన ఎక్కువ కనిపించాలి. మొదట గబగబా చప్పరిస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో చేపు రాగానే, అంటే పాలు ధారగా దిగడం మొదలవగానే, చప్పరింపు నెమ్మదై లోతుగా మారుతుంది, మధ్య మధ్యలో గుటక వినిపిస్తుంది, ఆ గుటకే మీకు కావాల్సింది. ఫీడ్ అయ్యాక నిపుల్ మామూలు షేప్‌లో ఉండాలి, ఒకవైపు నొక్కుకుపోయో చివర తెల్లబడిపోయో ఉంటే లాచ్ లోతుగా లేదని అర్థం. మొదటి కొన్ని సెకన్లు కొంచెం చురుక్కుమనడం మొదటి వారంలో ఉంటుంది, ఫీడ్ మొత్తం నొప్పి ఉంటే మాత్రం ఓర్చుకోవద్దు, మీ చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి లోపలికి పెట్టి పట్టు విడిపించి మళ్ళీ పెట్టండి. ఊరికే లాగేస్తే నిపుల్ చీరుకుపోతుంది. ఎన్నిసార్లు సరిచేసినా నొప్పి తగ్గకపోతే లాక్టేషన్ కన్సల్టెంట్‌కి చూపించండి, బిడ్డ నాలుక కింద నరం లాంటి పొర బిగుతుగా ఉందేమో కూడా వాళ్ళు చూస్తారు.

సిజేరియన్ అయినవాళ్ళకి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే కుట్ల మీద బరువు పడుతుంది, కాళ్ళు వెనక్కి వెళ్ళేలా బిడ్డని చంక కింద పెట్టుకుని పట్టండి, లేదా ఇద్దరూ పక్కకి తిరిగి పడుకుని పట్టండి. ఒక్కటి మాత్రం, రాత్రిపూట సోఫాలోనో కుర్చీలోనో కూర్చుని పట్టిస్తూ నిద్రపోవడం బిడ్డకి చాలా ప్రమాదం, కళ్ళు మూసుకుపోతున్నాయి అనిపిస్తే బిడ్డని పక్కనున్నవాళ్ళకి ఇచ్చేయండి.

సాయంత్రాల సంగతికి వద్దాం, ఎక్కువమంది ఓడిపోయేది అక్కడే. పగలంతా బానే ఉన్న బిడ్డ సాయంత్రం అయ్యేసరికి పది నిమిషాలు తాగడం, వదిలేయడం, ఏడవడం, మళ్ళీ తాగడం, ఇలా రెండు మూడు గంటలు చేస్తుంది. ఇంట్లో అందరూ డబ్బా పాల వైపు చూస్తారు. దీన్ని క్లస్టర్ ఫీడింగ్ అంటారు, చిన్నపిల్లల్లో చాలా మామూలు విషయం, రెండు మూడు వారాల వయసులో, ఆరు వారాలప్పుడు, మూడో నెలలో ఇంకా ఎక్కువ చేస్తారు. అలా మళ్ళీ మళ్ళీ తాగి మీ ఒంటికి "రేపట్నించి ఇంకొంచెం ఎక్కువ కావాలి" అని ఆర్డర్ పెడుతున్నారన్నమాట. ఆ టైమ్‌లో రోజూ ఒక బాటిల్ డబ్బా పాలు ఇచ్చేస్తే ఆ ఆర్డర్ మీ ఒంటికి చేరదు, పాలు పెరగవు, నాలుగు రోజుల తర్వాత నిజంగానే చాలవు. భయం వల్ల మొదలైంది కాస్తా నిజమైపోతుంది, నాకు దీని మీదే బాధ ఎక్కువ, ఎంతమంది అమ్మలు ఇలా మానేసి తర్వాత "నాకు పాలు పడలేదు" అని జీవితాంతం అనుకుంటూ ఉండిపోయారో.

అలాగే ఒకటి రెండు నెలలకి రొమ్ములు మెత్తబడతాయి, కారడం ఆగిపోతుంది. పాలు తగ్గిపోయి కాదు, ఒళ్ళు బిడ్డ లెక్కకి సర్దుకుని. పంప్‌లో వచ్చేది కూడా కొలత కాదు, సరిగ్గా పట్టిన బిడ్డ తీసినంత బాగా మెషీన్ చాలామందికి తీయలేదు, ఫీడ్ అయిపోయాక పంప్ చేస్తే కొంచెమే వస్తుంది మరి. రొమ్ము సైజు అయితే అస్సలు సంబంధం లేదు, సైజు కొవ్వుని బట్టి ఉంటుంది.

మరి ఏది కొలత? డైపర్. లోపలికి వెళ్ళింది కనపడదు కానీ బయటికి వచ్చింది కనపడుతుంది కదా. మొదటి రోజు కనీసం ఒక తడి డైపర్, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, ఇలా పెరిగి ఐదారు రోజులకల్లా రోజుకి 6 లేదా అంతకంటే ఎక్కువ బాగా తడిసిన డైపర్లు ఉండాలి, యూరిన్ రంగు లేకుండానో లేత పసుపులోనో ఉండాలి. డిస్పోజబుల్ డైపర్లలో తడిసిందో లేదో తెలియట్లేదు అంటారు, ఒక కొత్త డైపర్‌లో మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు పోసి చేత్తో పట్టుకుని బరువు చూడండి, తడిసిన డైపర్ అంటే అంత. మొదటి రెండు మూడు రోజులు ఇటుక రంగు మరక కనిపించొచ్చు, ఐదో రోజు తర్వాత కూడా కనిపిస్తే పాలు చాలట్లేదని గుర్తు, ఆ రోజే చూపించండి. మోషన్ మొదట నల్లగా జిగురుగా, తర్వాత ఆకుపచ్చగా, ఐదో రోజుకి పసుపుగా పల్చగా మారాలి, రోజుకి మూడు నాలుగు సార్లు వెళ్ళాలి. ఐదో రోజు కూడా నల్లగానే ఉంటే డాక్టర్‌కి చెప్పాలి. ఆరు వారాలు దాటాక తల్లిపాలు తాగే పిల్లలు కొన్ని రోజులపాటు మోషన్ వెళ్ళకపోయినా, వెళ్ళినప్పుడు మెత్తగా ఉండి, బిడ్డ హుషారుగా ఉంటే కంగారు లేదు.

రెండో కొలత బరువు. పుట్టిన మొదటి రోజుల్లో దాదాపు పిల్లలందరూ కొంచెం తగ్గుతారు, 7 శాతం దాకా మామూలే, 10 శాతం దగ్గరికి వస్తుంటే డాక్టర్లు ఫీడింగ్ దగ్గరుండి చూస్తారు. 10 నుంచి 14 రోజులకల్లా పుట్టినప్పటి బరువుకి తిరిగి రావాలి, ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకి సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. డైపర్లు సరిపోతున్నాయి, బరువు పెరుగుతోంది అంటే మీ పాలు చాలుతున్నాయి. బిడ్డ ఎంత ఏడ్చినా సరే. ఏడవడానికి గ్యాస్, నిద్ర, వేడి, చలి, ఎత్తుకోమనడం, వంద కారణాలు ఉంటాయి.

ఆ రెండూ సరిగ్గా లేకపోతే మాత్రం మొండితనం వద్దు. థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ సమస్య), గతంలో రొమ్ముకి అయిన సర్జరీ, మావి ముక్క లోపల ఉండిపోవడం, పాలగ్రంథులు సరిగ్గా ఎదగకపోవడం ఇలాంటి వాటివల్ల నిజంగానే పాలు తగ్గుతాయి, కొన్నిటికి ట్రీట్‌మెంట్ ఉంది, కొన్నిటికి లేదు. అప్పుడు డబ్బా పాలు మందులాంటి అవసరం, ఇవ్వండి, తలెత్తుకుని ఇవ్వండి. ముందు రొమ్ముకి పెట్టి, తర్వాత డాక్టర్ చెప్పినంతే పైపాలు పట్టి, ఆ తర్వాత కాసేపు పంప్ చేసుకుంటే ఉన్న పాలు నిలబడతాయి, చాలామందికి మెల్లగా పెరుగుతాయి కూడా. సగం మీ పాలు, సగం డబ్బా పాలు అయినా బిడ్డకి మీ పాల మేలు అందుతుంది.

నొప్పుల గురించి కొంచెం. పాలు పడ్డ రోజుల్లో రొమ్ములు రాళ్ళలా గట్టిపడి బిడ్డకి నోట్లో పట్టడానికి కూడా వీలుకాకపోతే, ఫీడ్‌కి ముందు నల్లటి భాగం చుట్టూ వేళ్ళతో ఓ నిమిషం మెల్లిగా లోపలికి నొక్కి పెట్టి, చేత్తో కొంచెం పాలు పిండితే మెత్తబడుతుంది. ఫీడ్ తర్వాత గుడ్డలో చుట్టిన చల్లటి ప్యాక్ పెట్టండి. ఒకచోట గడ్డలా తగిలి ఎర్రగా వేడిగా ఉండి జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే అది మాస్టైటిస్ (రొమ్ము లోపలి వాపు) అవ్వొచ్చు. ఒకప్పుడు గట్టిగా మసాజ్ చేసి, పంప్‌తో పూర్తిగా ఖాళీ చేయమనేవాళ్ళు, అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో ఆ సలహా మార్చేసింది, గట్టిగా పిసకడం వల్ల లోపల వాపు పెరుగుతుంది, అతిగా పంప్ చేస్తే పాలు ఇంకా ఎక్కువ ఊరి సమస్య ముదురుతుంది అని. మామూలుగా పట్టిస్తూనే ఉండండి, ఆ పాలు బిడ్డకి హాని కాదు, చల్లటి ప్యాక్, పారాసిటమాల్ లేదా ఐబుప్రోఫెన్, రెస్ట్. ఒక రోజులో తగ్గకపోయినా, జ్వరం ఎక్కువగా ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, యాంటీబయాటిక్ పడొచ్చు. ఆ రెండు టాబ్లెట్లూ, పాలిచ్చే తల్లికి రాసే చాలా యాంటీబయాటిక్సూ పాలు ఆపకుండానే వాడొచ్చు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా "నేను పాలిస్తున్నాను" అని ముందే చెప్పండి.

ఎవరూ చెప్పని ఇంకో విషయం. కొందరికి చేపు వచ్చే ముందు ఒక్కసారిగా గుండె జారినట్టు, కారణం లేని దిగులు కమ్మినట్టు అవుతుంది, కొన్ని నిమిషాల్లో దానంతట అదే పోతుంది. ఇది హార్మోన్ల వల్ల జరిగేది, దీనికి డీ-మెర్ అని పేరు కూడా ఉంది, మీకు బిడ్డ మీద ప్రేమ లేకపోవడం కాదు. కానీ దిగులు ఫీడ్‌తో పోకుండా రోజంతా ఉంటే, రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డకో మీకో ఏమైనా చేసుకోవాలనే ఆలోచన వస్తే, అది ఇంట్లోవాళ్ళకీ డాక్టర్‌కీ ఆ రోజే చెప్పాల్సిన విషయం.

ఆరు నెలలు నిండేదాకా నీళ్ళు కూడా అక్కర్లేదు, ఎండాకాలం అయినా సరే, తల్లిపాలలో 87 శాతం దాకా నీళ్ళే. విటమిన్ డి మాత్రం పాలలో చాలదు, రోజుకి 400 ఐయూ చుక్కలు డాక్టర్‌ని అడిగి వేయండి. ఆరు నెలల తర్వాత పైతిండితో పాటు రెండేళ్ళు, ఇష్టమైతే ఆ పైన కూడా ఇవ్వొచ్చు. పనికి వెళ్ళేవాళ్ళకి, పిండిన పాలు గది టెంపరేచర్ 25 డిగ్రీల లోపు ఉంటే 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా బాగుంటాయి. మైక్రోవేవ్‌లో వేడి చేయకండి, కొన్నిచోట్ల మరిగిపోయి బిడ్డ నోరు కాలుతుంది, గోరువెచ్చటి నీళ్ళలో బాటిల్ పెడితే చాలు. బిడ్డ తాగి వదిలేసినవి రెండు గంటల్లోపు అవ్వగొట్టాలి, లేదా పారబోయాలి.

పక్కన ఉండే నాన్నలకి ఒక మాట, పాలు మీరు ఇవ్వలేరు, కానీ రాత్రి బిడ్డని లేపి తెచ్చి ఇవ్వడం, తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, డైపర్ మార్చి ఎన్ని తడిశాయో ఫోన్‌లో రాసుకోవడం, అమ్మ పక్కన మంచినీళ్ళు పెట్టడం, "పాలు లేవేమో" అనే మాట ఆమె దాకా రాకుండా చూడటం, ఇవన్నీ మీ పనే. డాక్టర్ అడిగినప్పుడు ఆ డైపర్ల లెక్క ఎంత పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

ఇవి మాత్రం తెల్లారేదాకా ఆగేవి కావు. మొదటి రెండు మూడు రోజులు దాటాక ఎనిమిది గంటలు గడిచినా తడి డైపర్ లేకపోవడం, ఎంత లేపినా లేవకుండా ఫీడ్‌లు వదిలేయడం, ఏడుపు కూడా నీరసంగా రావడం, మాడు లోపలికి పోయినట్టు ఉండటం, కామెర్ల పసుపు రంగు కాళ్ళ దాకా దిగడం, మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల పైన జ్వరం, ఆకుపచ్చ రంగు వాంతి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చోకుండా బిడ్డని వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, అది అర్ధరాత్రి అయినా సరే.